ప్లాస్టిక్ దానా: దాచేది ఎట్ట, వాడేది ఎట్ట

(సేఫ్టీ వారోత్సవాలప్పుడు రేణిగుంట పక్కన గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో చిన్న యూనిట్లవాళ్ళ కోసం పెట్టిన మీటింగులో ఒక సీనియర్ ఎక్స్‌ట్రూడర్ (ప్లాస్టిక్‌ని కరిగించి పైపుగా తీసే మిషన్) ఆపరేటర్ మాట్లాడింది ఇది. ఆ పొద్దు షిఫ్టులో ఉండి రాలేకపోయినోళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, వెనక నిలబడినోళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉండాయి. నైట్ షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికే వచ్చినోళ్ళు కూడా ఉండారని చెప్పినారు. నిద్ర ఆపుకోని వచ్చినారు, మీ ముందర నేను పేపర్ చూసి చదివి పోతే తప్పవుతుంది, అందుకే పేపర్ తేలేదు. తెచ్చింది ఇదొక్కటే. గుప్పెడు దానా.

అమ్మా, చేయి పట్టండి. పట్టుకున్నారు కదా. మంట పుట్టిందా? లేదు. వాసన ఏమన్నా వస్తా ఉందా? లేదు. పక్కనోళ్ళకి కూడా ఇయ్యండి, అట్ట వెనక దాకా పోనీండి, కింద మాత్రం పడనీయొద్దు, ఎందుకో తర్వాత చెప్తా. ఇది హెచ్‌డిపిఇ, హై డెన్సిటీ పాలీఇథిలీన్. మన మామిడి తోటల్లో, చెనక్కాయ చేలల్లో నీళ్ళు పోయే పైపులు, బోర్లోకి దించే నల్ల పైపులు, ఇవన్నీ ఈ పాలీఇథిలీన్ జాతే. కొత్తగా చేరిన తమ్ముళ్ళకి చెప్తా ఉండా, దానా అంటే పశువుల దాణా అనుకునేరు, కరిగించి సామాన్లు చేసే ఈ ప్లాస్టిక్ గింజల్నే మన షెడ్లల్లో దానా అంటాం.

కంపెనీ వాళ్ళు పంపించే సేఫ్టీ డేటా షీటు ఉంటాది కదా, ఎప్పుడన్నా తీసి చూసినారా? ఎంతమంది చూసినారు, చేతులెత్తండి. సరే, ముగ్గురు. తప్పేం లేదు, నేను కూడా చేరిన ఎనిమిదేళ్ళకి చూసినా. దాంట్లో మొదటి పేజీలోనే రాసి ఉంటాది, ఇది ప్రమాదకర పదార్థం కింద రాదు అని. యాసిడ్ క్యాను మీద ఉండే బొమ్మలు ఏవీ దీనికి ఉండవు. అది అబద్ధమా? కాదు. నిజమే. 26 ఏళ్ళు దీంట్లోనే చేతులు పెట్టి పనిచేసినా, చర్మానికి ఏమీ కాలేదు.

మరి ప్రమాదం లేని సరుకు గురించి ఇంతసేపు మీటింగ్ ఎందుకప్పా? ఇదే కదా మీరు అడగబోయేది? ఎందుకంటే ఆ షీటు మొదటి పేజీలో రాసింది గింజ గురించి. గింజ గింజగా ఉన్నంతసేపు. మనం దాన్ని గింజగా ఉండనిస్తామా? మనిషెత్తు దాటి బస్తాలు పేరుస్తాం. నేల మీద ఒలకబోస్తాం. గ్రైండర్లో వేసి పొడి చేస్తాం. 200 డిగ్రీల్లో కరిగిస్తాం. షీటులో ఏడో భాగం అని ఒకటి ఉంటాది, హ్యాండ్లింగు, స్టోరేజీ అని, ఇవన్నీ అక్కడ రాసి ఉంటాయి, కానీ మొదటి పేజీ చూసి సంతోషపడి మూసేస్తాం కాబట్టి ఏడో భాగం దాకా పోం.

మొదట బస్తాల సంగతి చెప్తా, ఎందుకంటే నాకు మొదట తగిలిన దెబ్బ అదే. ఏ యూనిట్టో చెప్పను, ఇప్పుడది లేదు కూడా. అప్పుడు నేను స్టోర్స్ చూసుకుంటా ఉంటి. ఒక పొద్దు లోడు వచ్చింది, 400 బస్తాలు, బస్తా 25 కేజీలు, అంటే 10 టన్నులు. షెడ్డులో జాగా లేదు. గోడకి ఆనించి పేర్చమని హమాలీలకి నేనే చెప్పినా, పద్నాలుగు వరసలు లేచింది. బస్తా కూడా ప్లాస్టిక్కే కదా, ఉత్త నున్నగా ఉంటాది, ఒకదాని మీద ఒకటి జారతాది, బియ్యం గోనెసంచి మాదిరి పట్టుకోదు. దాంతోబాటు హమాలీ చేతిలో కొక్కెం. కింద వరసలో ఒక బస్తాకి కొక్కెం దిగింది, చిన్న చిరుగు, వేలు పట్టేంత. ఎవరూ పట్టించుకోలే.

రాత్రంతా ఆ చిరుగులోంచి గింజలు కారినాయి. ఇసుక గడియారం మాదిరి, చప్పుడు లేకుండా. పొద్దున ఆరుకి మా హెల్పర్, పందొమ్మిదేళ్ళ పిల్లోడు, చీపురు తీసుకోని నేల మీద గింజలు ఊడ్చేదానికి పోయినాడు. పాపం శుభ్రం చేద్దామనే పోయినాడు. కింద బస్తా సగం ఖాళీ అయి ఉండాది, పైన పదమూడు వరసలు దాని మీద వాలి ఉండాయి. వాడు ఒంగి ఊడుస్తా ఉంటే మొత్తం ఒరిగి పడింది. తొడ ఎముక రెండు చోట్ల ఇరిగింది. తిరుపతి రుయా ఆసుపత్రిలో నెలకి పైన ఉండాడు, నేను రోజూ పోయేవాణ్ణి. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలే. అది నాకు ఇప్పటికీ... సరే.

కాబట్టి బస్తాలు పేర్చేటప్పుడు నా మాట వినండి. గోడకి ఆనించొద్దు, మనిషి నడిచేంత సందు వదలాల, ఎందుకంటే వెనకవైపు చిరిగిందా లేదా చూసేదానికి ఇంకో దారి లేదు. కింద చెక్క ప్యాలెట్ వెయ్యాల, ప్యాలెట్‌కి మేకులు పైకి తేలి ఉంటే ముందు కొట్టేయాల. ఇటుకలు పేర్చినట్టు ఒక వరస అడ్డం, ఒక వరస నిలువు కట్టు కట్టాల. ఎత్తు ఎంత అని అడుగుతారు, నా లెక్క ఏందంటే పై బస్తాని నిచ్చెన లేకుండా మనిషి చేత్తో అందుకోని దించగలగాల, అంతే, దాని మీద ఇంకొకటి వద్దు. కొక్కేలు షెడ్డు బయటే పెట్టించండి, లోపలికి రానీయొద్దు. చిరిగిన బస్తా కనపడిందా, టేపు వెయ్యండి లేదంటే వేరే సంచిలోకి మార్చండి, అప్పటికప్పుడే, సాయంత్రం చూద్దాంలే అనొద్దు.

ఇప్పుడు ఆ గింజలు వెనక దాకా పోయినాయా? ఎన్ని కింద పడినాయి? చూడండి, మీ కాళ్ళ కింద. ఆ... పడే ఉంటాయి. ఇంతమంది ఇంత జాగ్రత్తగా పట్టుకున్నా పడినాయి. ఇవి గుండ్రంగా గట్టిగా ఉంటాయి, సిమెంటు నేల మీద వీటి మీద అడుగేస్తే బేరింగు బాల్స్ మీద కాలు పెట్టినట్టే. చేతిలో 25 కేజీల బస్తా ఉన్నప్పుడు జారితే? మిక్సర్ పక్కన జారితే? అందుకే ఒలికిన గింజల్ని ఊడ్చేది హౌస్‌కీపింగ్ పని అని వాళ్ళ మీదకి తొయ్యొద్దు, ఒలకబోసినోడే ఊడ్చాల, ఊడ్చినాకే మళ్ళీ మిషన్ దగ్గరికి పోవాల.

ఊడ్చి యాడ పోస్తా ఉండారు? ఇది అడిగితే చాలామంది తల దించుకుంటారు. కాలవలోకి. నీళ్ళు కొట్టి కాలవలోకి తోసేస్తారు. ఒక్కో గింజ ఇంచుమించు 25 మిల్లీగ్రాములు అనుకోండి, ఒక బస్తాలో పది లక్షల గింజలు. ఇవి నీళ్ళకంటే తేలిక, మునగవు, తేలతా పోతాయి. మన కాలవ యాడికి పోతాది? స్వర్ణముఖి. స్వర్ణముఖి యాడికి పోతాది? శ్రీకాళహస్తి గుడి పక్కన పారుకుంటా, నాయుడుపేట మీదగా సముద్రంలోకి. 2021 నవంబర్‌లో ఆ వానకి స్వర్ణముఖి ఎట్ట వచ్చిందో మీరంతా చూసినారు కదా, అట్టా వరద వస్తే మన షెడ్ల ముందర కాలవల్లో ఏముంటే అది కడలి దాకా పోవాల్సిందే.

అదే ఏడాది మే నెలలో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అని ఓడ తగలబడింది, దాంట్లోంచి దాదాపు 1,680 టన్నుల ప్లాస్టిక్ గింజలు సముద్రంలో పడినాయి. బీచి అంతా తెల్లగా, మంచు పడినట్టు. 2025 మే లో మన పక్కనే కేరళ తీరంలో ఎంఎస్‌సి ఎల్సా 3 అని ఇంకో ఓడ మునిగింది, తిరువనంతపురం బీచిలకి ఇవే గింజలు కొట్టుకోని వచ్చినాయి, జనం జల్లెళ్ళు పట్టి ఏరినారు. చేపలు, పక్షులు గుడ్లనుకోని తింటాయి. ఇది కుళ్ళేది కాదు. మనది ఓడ కాదులే అనుకోవద్దప్పా. ప్రతి షెడ్డు నుంచి రోజుకి ఒక గుప్పెడు అంటే, లెక్కెయ్యండి మీరే. కాలవ మొదట్లో సన్న మెష్ జాలీ పెట్టించండి, గింజ 3, 4 మిల్లీమీటర్లు ఉంటాది, దానికంటే సన్న కన్ను. నాలుగైదు వందల పని. వారానికోసారి తీసి శుభ్రం చేయాల, లేదంటే మూసుకపోతాది.

ఎండ, వాన గురించి తొందరగా చెప్పేస్తా. రేణిగుంట ఎండ సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. రేకుల షెడ్డు కింద మే నెల మధ్యాన్నం ఇంకా ఎక్కువ. దానాని సాధారణంగా 50 డిగ్రీల లోపల ఉంచమంటారు. కరిగేది 130 దగ్గర కాబట్టి కరగదు, నిజమే, కానీ బయట ఎండలో పడేస్తే సూర్యుడి అల్ట్రా వయొలెట్ గింజని లోపల్నుంచి పాడు చేస్తాది, నల్ల పైపులో రెండు రెండున్నర శాతం కార్బన్ బ్లాక్, అంటే నల్లటి మసి పొడి, ఎందుకు కలుపుతాం, ఆ ఎండని ఆపేదానికే కదా, కలపని తెల్ల దానాకి ఆ కాపుదల లేదు. బస్తా కూడా పెళుసైపోయి ముట్టుకుంటే చిరుగుతాది. వానాకాలం, అంటే మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తెల్ల దానా నీళ్ళు పీల్చదు గానీ నల్ల మాస్టర్‌బ్యాచ్, అంటే నల్ల రంగుకి కలిపే కార్బన్ బ్లాక్ గింజలు, పీలుస్తాది. దాని మూట విప్పితే వాడినంత వాడి మళ్ళీ గట్టిగా కట్టాల, లేదంటే పైపు లోపల గుంటలు గుంటలుగా వస్తాది, మీరు డై మీద, అంటే పైపుకి ఆకారం ఇచ్చే అచ్చు మీద, తప్పు వెతుకుతా కూర్చుంటారు. పాతది ముందు వాడండి, కొత్తది వెనక పెట్టండి. అంతే దీని గురించి.

ఇప్పుడు అసలు విషయం. పొడి. ఇక్కడ నీళ్ళ ట్యాంకులు చేసే యూనిట్ల వాళ్ళు ఎవరన్నా ఉండారా? ఉండారు, మంచిది. మీరు ఇది అందరికంటే బాగా వినాల, మీకు పని మొదలయ్యేదే పొడితో. పైపులోళ్ళు కూడా, పాడైన పైపు గ్రైండర్లో వేస్తారు, రంపంతో కోస్తారు, అక్కడ పొడి పుడతాది.

మనది మహాభారతాలు ఆడే జిల్లా. ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం, రాత్రంతా నాటకం, చివర్లో నిప్పులు తొక్కేది. చిన్నప్పుడు అందరూ చూసే ఉంటారు. రాక్షసుడి వేషం వచ్చేటప్పుడు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లుతారు గుర్తుందా? బుస్సుమని ఇంత ఎత్తు మంట లేస్తాది, ముందర కూర్చున్న పిల్లకాయలు వెనక్కి పడతారు. అదే గుగ్గిలం గడ్డని నిప్పుల మీద పెట్టండి, ఏమవుతాది? మెల్లగా పొగ వస్తా కరుగుతాది, అంతే. గడ్డ అదే, పొడి అదే. మరి తేడా యాడుంది? పొడి గాల్లోకి లేచినప్పుడు ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటాది, అన్నీ ఒక్కసారే అంటుకుంటాయి. పాలీఇథిలీన్ కూడా అట్టే. ఈ గింజకి అగ్గిపుల్ల పెడితే అంటుకునేదానికే టైం పడతాది. అర మిల్లీమీటరు కంటే సన్నగా పొడి అయి గాల్లో లేచి, మూసిన షెడ్డులో ఒక నిప్పురవ్వ తగిలితే, పేలతాది.

పెద్దమాట చెప్తా ఉండాడు అనుకుంటా ఉండారా? 2003 జనవరి 29, అమెరికాలో నార్త్ కరోలినా, కిన్‌స్టన్ అనే ఊరు. మందుల ప్యాకింగుకి రబ్బరు సామాన్లు చేసే ఫ్యాక్టరీ. రబ్బరు అంటుకోకుండా ఉండేదానికి సన్నటి పాలీఇథిలీన్ పొడి నీళ్ళల్లో కలిపి పూసేవాళ్ళు, ఆరేదానికి ఫ్యాన్లు పెట్టేవాళ్ళు. ఆ ఆరిన పొడి కొంచెం కొంచెంగా పైకి లేచి, ఫాల్స్ సీలింగ్ పైన చేరింది. కింద చూస్తే నేల అద్దం మాదిరి తుడిచి ఉంటాది, పనోళ్ళు రోజూ తుడిచేవాళ్ళు. పైన ఎవరికీ కనపడలే. ఆ పొద్దు పేలింది. ఆరుగురు చచ్చిపోయినారు, 38 మందికి గాయాలు. మొదట నిప్పు యాడ పుట్టిందో తేల్చలేకపోయినారు, అంత నాశనమైంది. పేలింది ఏందప్పా? షీటులో ప్రమాదం లేదని రాసే అదే పాలీఇథిలీన్.

ఇంకో విషయం, ఇట్టాంటి చోట్ల జనాన్ని ఎక్కువ చంపేది మొదటి పేలుడు కాదు. మొదటిది చిన్నగా గ్రైండర్ దగ్గర బుస్సుమంటాది. ఆ అదురుకి బీముల మీద, ట్యూబ్‌లైట్ల మీద, కేబుల్ ట్రేల మీద ఏళ్ళ నుంచి కూర్చున్న దుమ్మంతా ఒక్కసారి గాల్లోకి లేస్తాది, వెనకే మంట వస్తాది. ఆ రెండోది షెడ్డు లేపేస్తాది. అందుకే నేల ఊడ్చినాం సార్ అంటే నాకు చాలదు, తల ఎత్తి పైన చూడమంటా. అమెరికా ఫైర్ స్టాండర్డ్స్‌లో ముప్పావు మిల్లీమీటరు మందం దుమ్ము పేరుకుంటేనే ప్రమాదం అని లెక్క పెట్టినారు. మనకి స్కేలు అక్కర్లేదు, వేలితో పేరు రాస్తే చదవగలిగేటట్టు ఉందా, అప్పుడు మిషన్ ఆపి శుభ్రం చేయాల్సిందే. మన దేశంలో కూడా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, 37వ సెక్షన్‌లో, ఈ మండే దుమ్ము గురించి అప్పుడే రాసి పెట్టినారు, అమెరికా సంగతి మనకెందుకులే అనేదానికి లేదు.

శుభ్రం ఎట్ట చేస్తారు? మీరు చేసేది నాకు తెలుసు, కంప్రెసర్ గాలి గొట్టం తీసుకోని పైకి కొడతారు. వద్దు తమ్ముడూ. దయచేసి వద్దు. దుమ్ముని గాల్లోకి లేపే పని మనమే చేస్తా ఉండాం అక్కడ. వ్యాక్యూమ్ క్లీనర్ వాడండి, అది కూడా ఇంట్లో వాడేది కాదు, దుమ్ముకని ఎర్తింగ్ ఉన్నది దొరుకుతాది, అది. లేదంటే తడి గుడ్డ, మెత్తని కుచ్చు, మెల్లగా.

నిప్పు యాడ నుంచి వస్తాది అని ఒకన్న ఇందాక అడిగినాడు, మా షెడ్డులో బీడీ కూడా ముట్టించం కదా అని. అన్నా, దానా పైపులో పరిగెత్తేటప్పుడు కరెంటు పుడతాది. స్టాటిక్. దానాని పీల్చి మిషన్ మీది తొట్టిలో పోసే హాపర్ లోడర్ గొట్టం ముట్టుకున్నప్పుడు చిటుక్కుమని చేతికి తగలడంలా? ఎండాకాలంలో ఎక్కువ తగులుతాది, గాలిలో తేమ ఉండదు కాబట్టి. అది తగిలినప్పుడు నవ్వుకోని వదిలేయొద్దు, అది మీకు చెప్తా ఉండాది, ఎర్తింగ్ తెగిపోయింది అని. లోడర్, గొట్టం లోపలి తీగ, హాపర్, గ్రైండర్ అన్నీ ఒకదానికొకటి కలిపి ఎర్త్‌కి కట్టాల, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటర్ పెట్టి చూపించుకోండి. ఏడాదికోసారి కాదు, గొట్టం విప్పి బిగించిన ప్రతిసారీ.

కరిగిన దాని గురించి. 200 డిగ్రీల ముద్ద చేతి మీద పడితే అతుక్కుంటాది. మన చెయ్యి ఊరుకోదు, వెంటనే లాగేస్తాం. లాగొద్దు. చర్మం దాంతోబాటే వస్తాది. అట్టే ఉంచి కుళాయి కింద పెట్టండి, 20 నిమిషాలు, పారే నీళ్ళు, ఐసు వద్దు, ఇంకు వద్దు, టూత్‌పేస్టు వద్దు, పసుపు వద్దు. ఉంగరం, వాచీ ఉంటే వాపు రాకముందే తీసేయండి. తర్వాత ఆసుపత్రి, ఆ ముద్ద డాక్టరే తీస్తాడు. మిషన్ పర్జింగ్ చేసినప్పుడు, అంటే లోపల మిగిలిన పాత ప్లాస్టిక్‌ని బయటికి తోసేసినప్పుడు, వచ్చే ముద్దలు కూడా, పైన గట్టిపడి చల్లారినట్టు ఉంటాది, లోపల ఇంకా జావ మాదిరి కాగతా ఉంటాది. నీళ్ళ బకెట్లో వెయ్యాల, ఒకదాని మీద ఒకటి కుప్ప పోసి మూలన పడేస్తే రాత్రి దానంతటదే అంటుకునేదానికి కూడా ఆస్కారం ఉంది. ఏ పక్కన పడేస్తారు మీరు? బస్తాల పక్కనే కదా?

ఇంగ ఒకవేళ బస్తాలే అంటుకుంటే. 1933 లో ఇంగ్లండ్‌లో ఐసిఐ అనే కెమికల్ కంపెనీ ల్యాబులో ఫాసెట్, గిబ్సన్ అని ఇద్దరు వేరే ఏదో ప్రయోగం చేస్తా ఉంటే పాత్రలో తెల్లగా మైనం మాదిరి మిగిలింది, అట్ట దొరికింది ఈ పాలీఇథిలీన్. మైనం అన్నారు చూడండి, ఆ మాట గుర్తుపెట్టుకోండి, ఇది మండేది కూడా కొవ్వొత్తి మాదిరే, కరిగి, చుక్కలు కారి, ఆ చుక్కలు మండుకుంటా పారతాయి. 25 కేజీల బస్తాలో ఉండే వేడి దగ్గరదగ్గర 30 లీటర్ల కిరసనాయిలు అంత. ఇప్పుడు 400 బస్తాలు అనుకోండి. మన షెడ్డులో 12,000 లీటర్ల కిరసనాయిలు పెట్టుకుంటామా? పెట్టుకుంటే దాని పక్కన వెల్డింగ్ చేస్తామా? హాలోజన్ బల్బు ఆనిస్తామా? చేస్తా ఉండాం, నేను చూసినా. చిన్న మంట అయితే పౌడర్ సిలిండర్‌తో, నీళ్ళతో అయినా ఆర్పొచ్చు, నీళ్ళు జల్లుగా కొట్టాల గానీ ధారగా గురిపెట్టి కొడితే మండే చుక్కలు, పొడి ఎగిరి పక్కకి పాకుతాయి. మంట బస్తా ఎత్తు దాటిందంటే ఇంగ మీరు వీరులు కావాల్సిన పని లేదు, ఆ నల్ల పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటాది, మెయిన్ కట్ చేసి, అందరినీ బయటికి పంపి, 101 కి ఫోన్ చేయండి. లోపలికి మళ్ళీ ఎవరూ పోవద్దు, ఫోన్ మర్చిపోయినా సరే, మోటార్ కొత్తదైనా సరే.

ఏం తమ్ముడూ, చెప్పు. ఆ... దానా దుమ్ముకి మాస్కు కావాలా అని అడుగుతా ఉండాడు. గ్రైండర్ దగ్గర, పొడి పోసే దగ్గర కావాల, గుడ్డ కాదు, ఎన్95. కళ్ళద్దాలు కూడా. ఎక్స్‌ట్రూడర్ దగ్గర వేడి ఎక్కువై ఘాటు వాసన, కళ్ళు మంట వస్తే మాత్రం మాస్కుతో పని కాదు, టెంపరేచర్ పెరిగిపోయిందని అర్థం, హీటర్ బ్యాండ్లు చూడాల, పైన ఎగ్జాస్ట్ తిరుగుతా ఉందా చూడాల.

సరే, టీ వచ్చినట్టుంది. తాగినాక ఎవరూ పోవద్దు, పక్క షెడ్డు ఓనరు ఒప్పుకున్నారు, మిషన్లు ఆపించి ఉండారు. నిచ్చెన వేసి పెట్టినా. గ్రైండర్ పైన బీము మీద వేలితో పేరు రాసి చూద్దాం, ఒక్కొక్కరు ఎక్కి చూడండి. ముందు మాత్రం మీ కుర్చీల కింద పడిన గింజలు ఏరి ఈ డబ్బాలో వెయ్యండి.